జేబు మార్చిన గౌను

“అల్లుడు ఇవాళ పెందలాడే ఇంటికొచ్చాడంటే మాత్రం ఉద్యోగం ఊడినట్టేనే!” అంది అమ్మ, ఆరిన బట్టలు మడతపెడుతూ.

“ఇంకా రాలేదు కదమ్మా,” అంది కూతురు ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

“వస్తే, అంటున్నాను.”

వచ్చాడు. పైగా చెప్పులు విప్పి, పొందిగ్గా అరలో పెట్టాడు. ఆ మనిషి చెప్పులు సర్దాడంటే ఏదో కావాలన్నమాట.

కావలసింది కూతురి ప్రోగ్రామే. ఆసుపత్రిలో ఏ నర్సు ఏ షిఫ్టుకు రావాలో తేల్చే ప్రోగ్రాం. పిల్ల నిద్రపోయిన గంటా అరగంటలో కూడబెట్టుకుంటూ ఏళ్ల తరబడి రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టింది. డబ్బు అక్కర్లేదు, షరతు మాత్రం ఉంది. దాన్ని మార్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్లు, మార్చిన కోడ్‌ను కూడా అలాగే అందరికీ తెరిచిపెట్టాలి. రాసినవాళ్ల పేరు చెరపకూడదు. అల్లుడి కంపెనీ దాన్ని గుట్టుగా తమ సరుకులో కలిపేసుకుంది. కొనబోయే ఆసుపత్రి లాయరు ఆ షరతు చదివి బేరం ఆపేశాడు. తమ కంపెనీకి మాత్రం షరతు తీసెయ్యమని పోయిన వారం అల్లుడు అడిగితే, కూతురు కుదరదంది.

“ఇక నీ గొడవే లేదు,” అన్నాడు ఇవాళ. “కోడ్ రాసే ఏఐ మెషీన్ చేత మొత్తం కొత్తగా రాయించేశాం, నీ కోడ్ మొహం కూడా చూడకుండా. ఇది నీది కాదని ఒక్క మాట మెయిల్ పెట్టు, చాలు. అయినా నువ్వేమన్నా అమ్ముకుందామని రాశావా? ఖాళీగా ఉన్నప్పుడు రాసిందేగా!”

ఖాళీగా! ఆ మాట ఆవిడకు కొత్త కాదు. ఒకప్పుడు తను ఇద్దరు పిల్లల్నీ, మంచాన పడ్డ మామగారినీ చూసుకుంటూ, పాత పేపర్ల మీద పిల్లల గౌన్లకు నమూనాలు కత్తిరించేది. “ఖాళీగా ఉండేదానికి అదొక కాలక్షేపం,” అనేవాడు భర్త. తోటికోడలు ఆ కాగితాలు అడిగితే “తీసుకో, దానికేముంది” అంది. ఆ తోటికోడలు వాటిని కొత్త అట్టల మీద అచ్చు దించి, కుడి జేబు ఎడమకు మార్చి, బజార్లో కొట్టు పెట్టింది. అంతకుముందెప్పుడో ఒక నమూనాలో కత్తెర జారి చంక దగ్గర లోతుగా తెగితే, కనపడకుండా అక్కడో కుచ్చు పెట్టింది అమ్మ. కొట్లో వేలాడే ప్రతి గౌనుకీ ఆ కుచ్చు! చెప్పుకుంటే ఆయన ఏమన్నాడు? “జేబు మారింది కదా, ఇంకా నీదేమిటి? ఇంటి పరువు తియ్యకు.” నోరు మూసుకుంది. మూసుకుని, ఇన్నేళ్లూ దానికి మంచితనమని పేరు పెట్టుకుంది.

అల్లుడు చూపించిన ఆ కొత్త కోడ్ చదువుతూ చదువుతూ కూతురు ఆగిపోయింది.

“పిల్ల ఏడుస్తుంటే హడావుడిలో ఫిబ్రవరికి ముప్పై రోజులని రాసేశాను. ఆ తప్పు దిద్దకుండా, కింద ఎక్కడో దానికి అతుకేశాను. మీ మెషీన్ నాది చూడలేదన్నారుగా? మరి నా తప్పూ, నా అతుకూ దీంట్లోకెలా వచ్చాయి?”

“పేర్లన్నీ మార్చాం! వరసలు మార్చాం!” అరిచాడు అల్లుడు. తర్వాత ఇటు తిరిగాడు. “అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. ఈ బేరం పోతే నా ఉద్యోగం పోతుంది. మీ మాటైతే వింటుంది.”

ఉద్యోగం పోతుంది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇద్దరికీ పడదు, కూతురు పిల్లనేసుకుని రోడ్డున పడుతుంది. అన్నీ ఆవిడ కళ్ల ముందు వరసగా జరిగిపోయాయి. “పోనీలేమ్మా, ఆ ముక్కేదో రాసెయ్యి” అన్న మాట నాలిక మీదికి వచ్చేసింది కూడా. కూతురు అడగలేదు, ఊరికే చూసింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. మనవరాలి గౌను ఆవిడ ఒళ్లో సగం మడతలో ఉండిపోయింది.

“చెప్పండత్తయ్యగారూ!”

ఆవిడ గౌను మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

“అది దానిదే బాబూ. ఆ కొట్లో గౌన్లు కూడా నావే.”