కొలత కోసం ఉంచిన చక్రం

మా అక్క హనుమాయమ్మ కంటి ఆపరేషన్‌కు ఒక్కటే షరతు పెట్టింది. పెనుగొలను నుంచి తిరువూరుకు ఎడ్లబండిలో రాదు. అన్నయ్య కారులో అయితేనే వస్తుంది.

ఆ షరతును నాకు చేరవేసినవాడు ఆమె పొలం చూసే ఏసురత్నం. 1974 నవంబరు చివర్లో ఒక ఉదయం వచ్చి, వరండా మెట్టు మీద నిలబడే చెప్పేశాడు.

"బండి కుదుపులకి కళ్ళు ఊడి కింద పడతాయంటండి అమ్మగారు. పెద్దయ్యగారి కారు వస్తే అప్పుడు చూద్దాం అన్నారు."

"ఆ కారు ఆరేళ్ళుగా షెడ్డు దాటలేదని ఆమెకు తెలియదా?"

"తెలుసండి. తెలిసే అన్నారు," అని ఏసురత్నం నేల చూసి నవ్వుకున్నాడు.

నేను నవ్వలేకపోయాను. అక్కకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడికన్ను ముదిరిపోయిందనీ, ఇంకా ఆలస్యమైతే కత్తి పెట్టినా ప్రయోజనం ఉండదనీ డాక్టరు ముందే హెచ్చరించాడు. డిసెంబరు మూడో ఆదివారం తిరువూరు హైస్కూల్లో కంటి శిబిరం పెడుతున్నారు. మళ్ళీ ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. విజయవాడ ఆసుపత్రి పేరెత్తితే ఆమె భోజనం మానేస్తుంది. అంటే నాకు మిగిలినవి మూడు వారాలు.

కారు విషయం చెప్పాలి. మా అన్నయ్య దశరథరామయ్య 1953లో మద్రాసులో, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్న ఎం.జి. స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, గుడ్డ టాపు, వెనక పెట్రోలు ట్యాంకుకు ఆనించి నిలువుగా బిగించిన ఐదో చక్రం. అన్నయ్య పోయాక అది నా ఇంటి పక్క షెడ్డులో ఉండిపోయింది. బస్టాండు దగ్గర మెకానిక్ లాల్‌సాహెబ్ నెలకోసారి వచ్చి ఇంజను స్టార్టు చేసి, కాసేపు విని, ఆపేసి వెళ్ళేవాడు. టైర్లు మాత్రం ఎండాకాలపు చెరువు అడుగులా బీటలు వారాయి. అంత సన్నని టైర్లు దేశంలో ఎక్కడా తయారు కావు. దిగుమతికి అనుమతి రాదు.

టైర్లు దొరికినా దారితో చిక్కు ఉంది. గంపలగూడెం వరకు ఫరవాలేదు. ఆ తరువాతి మూడు మైళ్ళు నల్లరేగడి మీద బండ్ల బాట. వానలప్పుడు చక్రాలు కోసిన గాళ్ళు కార్తీకంలో ఎండి ఇటుకలా బిగుసుకుంటాయి.

ఆ మర్నాడే నేను టేపు పట్టుకొని వెళ్ళి గాళ్ళు కొలిచాను. ఒక గాడి నడుమ నుంచి రెండో గాడి నడుమకు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. మన కారు చక్రాల మధ్య దూరం నాలుగడుగుల రెండంగుళాలు. చక్రాలను చెరోవైపూ మూడంగుళాలు బయటికి జరిపితే కారు రెండు గాళ్ళలోనూ కచ్చితంగా కూర్చుంటుంది. ఇంటికి వచ్చి, రెండు రాత్రులు శ్రమపడి స్కేలు ప్రకారం బొమ్మ గీసి, లాల్‌సాహెబ్ ఇంటికి పట్టుకెళ్ళి అతని ముందు పరిచాను.

అతడు కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"లెక్క బాగుంది సార్. బొమ్మ ఇంకా బాగుంది. మరి కడుపు?"

"కడుపేమిటి?"

"గాడి లోతు ఎంతన్నారు?"

"ఏడంగుళాలు."

"కారు కింద ఖాళీ?"

బొమ్మ మీద ఆ అంకె వెతికి చదివాను. "ఆరు."

"అంటే చక్రాలు గాళ్ళలో సుఖంగా కూర్చుంటాయి. ఇంజను నడిమి దిబ్బ మీద ఇంకా సుఖంగా కూర్చుంటుంది. అప్పుడు అక్కగారిని దింపి తోయిస్తారా?"

లోపలి నుంచి అతని భార్య మదార్‌బీ గొంతు వినిపించింది. "ఎందుకయ్యా ఆయన్ని ఆటపట్టిస్తావు? ఎమ్మే చదివినాయన!"

"చదివారు గనకే ముందు కొలిచారు మదార్‌బీ. నేనైతే గాడిలో పడి తెలుసుకునేవాణ్ణి," అని లాల్‌సాహెబ్ నా పెన్సిలు తీసుకున్నాడు. "గాడి వెడల్పు కూడా రాశారుగా, ఆరంగుళాలు. పాత టైరు ఐదున్నర. అందుకే దిగుతుంది. ఏడంగుళాల టైరు వేశామనుకోండి, అంచుల మీదే నడిచిపోతుంది. గాడిలో ఇమడని టైరు కావాలి సార్ మనకి."

నా బొమ్మలో అన్ని అంకెలూ ఉన్నాయి. ఉండి కూడా నేను చూడలేదు. కారును దారికి సరిపెట్టాలన్న ఒక్క ఆలోచనలో తలమునకలై ఆ మూడు వారాల్లో నాలుగు రోజులు పోగొట్టాను.

విజయవాడలో ఒక పాత అమెరికన్ కారును విప్పి అమ్ముతున్నచోట, అదే పదిహేను అంగుళాల రిమ్ముకు ఎక్కే వెడల్పు టైర్లు నాలుగు దొరికాయి. అయితే అంత వెడల్పు టైరు మన సన్నని రిమ్ము మీద నిలవదు. లాల్‌సాహెబ్ ఒక్కో రిమ్మును చుట్టూ నడిమికి కోసి, రెండు ముక్కల మధ్య అంగుళమున్నర ఇనుప పట్టీ పెట్టి వెల్డింగ్ చేశాడు. వెల్డింగ్ చల్లారాక చక్రాన్ని ఇరుసుకు తగిలించి తిప్పుతూ, పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకునేవాడు. రిమ్ము ఎక్కడ ఎగుడైతే అక్కడ తెల్లని గీత పడేది. అక్కడ సుత్తి. మళ్ళీ సుద్ద. ఏ గీతా పడకుండా, లేదా చుట్టూ ఒకే గీతగా పడేవరకు అదే పని. ఒక్కో చక్రానికి ఒకటిన్నర రోజు పట్టింది.

నాలుగు చక్రాలూ అయ్యాక అతడు పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఐదోది?" అన్నాను.

"దాన్ని అట్లానే ఉంచుతాను సార్."

"పాత టైరుతోనా? దారిలో పంక్చరైతే అది దేనికి పనికొస్తుంది?"

"పనికిరాదు. స్టెప్నీ కింద ఉంచట్లేదు. మా నాన్న బండిచక్రాలు చేసేవాడు. కొలత మార్చి కొత్తవి చేసినప్పుడల్లా పాతది ఒకటి బండి వెనకే కట్టించేవాడు. కొత్తవి ఒక్కసారి వెళ్ళి తిరిగొచ్చేదాకా పాత కొలత బండి మీద ఉండాలి. ఆ తర్వాత పొయ్యిలో పెట్టుకోమనేవాడు."

"ఇది ఇనుము, లాల్‌సాహెబ్."

"అయితే పొయ్యిలో పెట్టకండి," అన్నాడు. నా ముఖం చూసి మెత్తబడ్డాడు. "ఇంకో సంగతి కూడా ఉంది. దాని అంచుకి సొట్ట ఉంది. కోస్తే గుండ్రంగా రాదు. మీకు నమ్మకంగా చెయ్యలేని పని నేను చెయ్యను."

నాలుగు ఒక కొలత, ఐదోది వేరొక కొలత కావడం నాకు పంటికింద రాయిలా ఉండిపోయింది. కానీ శనివారం వచ్చేసింది.

ఆ ఉదయం నేనే నడిపాను. రెండో సీటు అక్కకు కావాలి కనుక లాల్‌సాహెబ్‌ను తీసుకువెళ్ళే వీలు లేదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందని అతడు స్టీరింగు మీద ఎర్రదారం కట్టి హద్దు చూపించాడు. గంపలగూడెం దాటి బాటలోకి దిగాను. ఒకవైపు చక్రాలు నడిమి దిబ్బ మీద, రెండోవైపువి గాడి నోటి మీదుగా సాగాయి. రెండుచోట్ల అంచు విరిగి కారు పక్కకు ఒరిగింది, దిగబడలేదు. మూడు మైళ్ళకు గంట పట్టింది.

అక్క అరుగు మీద కూర్చొని ఉంది. ఇంజను చప్పుడు దూరం నుంచే విన్నట్టుంది, ముఖం పాలిపోయి ఉంది.

"వచ్చావా?" అంది.

"వచ్చాను. పెట్టె సర్దుకున్నావా?"

ఆమె ఏసురత్నం చేయి పట్టుకొని మెట్లు దిగి, కారు దగ్గరకు వచ్చి వంగింది. ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి, జానతో కొలిచింది. లేచి నిలబడింది.

"ఇది అన్నయ్య కారు కాదురా రాఘవా."

"అక్కా, టైర్లు మాత్రమే..."

"అన్నయ్య కారు చక్రం నా చేతిలో ఇమిడేది. ఇదేంటి, రోడ్డు రోలరు తెచ్చావా? నేను రాను. అన్నయ్య కారైతేనే అన్నాను. మాటంటే మాటే."

ఏసురత్నం నావైపు చూశాడు. ఆనాడు వరండా మెట్టు మీద అతడు ఎందుకు నవ్వుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆ కారు ఎప్పటికీ కదలదన్న ధైర్యంతోనే ఆమె ఆ షరతు పెట్టింది. ఆమెకు జవాబుగా నా దగ్గర కొలతలు తప్ప ఏమీ లేవు. 

అక్క కారును తడుముతూ, తన మాట నెగ్గిందన్నట్టు నిదానంగా దాని చుట్టూ నడిచింది. తలుపు, వెనక మడ్‌గార్డు, వెనక చక్రం. "ఇదీ అంతే," అంది. ఇంకో అడుగు వేసి పెట్రోలు ట్యాంకు దగ్గర ఆగింది. ఆమె చెయ్యి ఐదో చక్రం మీద పడింది.

వేళ్ళు రిమ్ము అంచు వెంబడి వెళ్ళి, సొట్టలో దిగి, అక్కడే ఉండిపోయాయి.

"ఎ.కొండూరు కల్వర్టు," అంది. "రాయికి కొట్టాడు. నా ఒళ్ళో నెయ్యి గిన్నె ఉంది. చీరంతా నెయ్యే. అన్నయ్య దిగి చక్రం చూడకుండా నన్ను చూసి ఒకటే నవ్వు. నెల రోజులు కారంతా నెయ్యి వాసన."

నాకు ఈ సంగతి తెలియదు. ఆ సొట్టను ఆరేళ్ళుగా నెలనెలా తుడుస్తూనే ఉన్నాను.

ఆమె చెయ్యి తీయకుండానే, గొంతు తగ్గించి అంది. "భయంగా ఉందిరా తమ్ముడూ. కంట్లో కత్తి పెడతారంట."

"నాకూ భయంగానే ఉంది. ఈ బాట మీద కారు నడపడం ఇవాళే మొదటిసారి. తిరిగి నడపాలంటే పక్కన ఎవరైనా ఉండాలి."

"నేనుండి ఏం చూస్తాను?"

"మాట్లాడుతుండు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏసురత్నం, ఆ పెట్టె పట్రా. ఎప్పుడో సర్దాను," అంది. సర్దిన పెట్టెతోనే ఆమె రానని పట్టుబట్టిందన్నమాట.

దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. బాట చివర ఒకచోట కారు బాగా ఒరిగినప్పుడు మాత్రం ఆగి, "గాడిలో పడ్డామా?" అంది.

"లేదు."

"అయితే పోనీ."

ఆదివారం కుడికంటికి ఆపరేషన్ అయింది. పది రోజులకు కట్టు విప్పి, దళసరి అద్దాల కళ్ళజోడు తాత్కాలికంగా ఇచ్చారు. ఆమెను పెనుగొలను తీసుకువెళ్ళే రోజున లాల్‌సాహెబ్ కూడా వచ్చి షెడ్డు దగ్గర నిలబడ్డాడు. అక్క కారుకు నాలుగు గజాల దూరంలో ఆగి, తల అటూ ఇటూ వంచి చూసింది.

"ఛీ, గేదె డెక్కల్లా ఉన్నాయి. ఎవరు చేశారు?"

"నేనేనమ్మా," అన్నాడు లాల్‌సాహెబ్.

"గట్టిగా చేశావులే." వెనక్కి వెళ్ళి ఐదో చక్రం ముందు నిలబడి, ఈసారి ముట్టుకోకుండా చూసింది. "దీన్నెందుకు వదిలేశావు?"

లాల్‌సాహెబ్ తన తండ్రి పద్ధతి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని నావైపు తిరిగింది.

"నన్ను తీసుకొచ్చినప్పుడే ఒక ప్రయాణం అయిపోయిందిగా. ఇవాళ నన్ను దింపి రాగానే దీన్ని తీయించి, వెడల్పుది ఇంకొకటి పెట్టించు. సొట్టది ఇంట్లో పెట్టుకో. ఎడమకన్ను మిగిలింది. స్టెప్నీ లేని కారులో నేను ఎక్కను."