గొట్టం మీద పేరు

ఆదివారం పొద్దున ఆయన చేసే ఇంటిపని ఒక్కటే, భార్య మాత్రల డబ్బా నింపడం. ఏడు రోజులకి ఏడు గళ్లు, ఒక్కో గడిలో పొద్దుటికొకటి, రాత్రికొకటి రెండు అరలు. కళ్లద్దాలు పెట్టుకుని, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, అట్టల్లోంచి మాత్రలు ఒక్కొక్కటే నొక్కి తీసి అరల్లో వేస్తాడు. ఆ పావుగంటా ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించుకోవాలి. అదే పావుగంటలో ఆమె రెండు పొయ్యిల మీద వంట చూసుకుంటూ, మిషన్లోంచి తడిబట్టలు తీసి ఆరేసి, అత్తగారి స్నానానికి నీళ్లు పెట్టి, కూతురి లెక్కల పుస్తకం మంచం కిందనుంచి వెతికి తీసి వస్తుంది. ఇంటికొచ్చినవాళ్లు డబ్బా వైపు చూసి, "మొగుడంటే అలా ఉండాలి, మందు కూడా చేతికందిస్తాడు" అని మెచ్చుకుంటారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "తప్పదు కదండీ, మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు" అంటాడు. ఆమె వాళ్లకి కాఫీ కలుపుతూ ఉంటుంది.

ఆరేళ్ల కిందట ఆమె మంచానికి అతుక్కుపోయిన రోజుల్లో, మాత్రలు కొన్నాళ్లపాటు ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఉంచమని మనోవైద్యుడు చెప్పాడు. డాక్టరు కొన్నాళ్లన్నాడు, ఈయన దాన్ని పర్మనెంటు ఉద్యోగం చేసుకున్నాడు.

మంచం పట్టక ముందటి సంవత్సరం సంగతి ఆ ఇంట్లో ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆమె పని రక్తపరీక్షల ల్యాబులో. ఆ ఏడాది ముగ్గురి పని ఒక్కతే చేసింది. ల్యాబుకి తనిఖీ వస్తోందంటే, ఏ పరీక్ష ఎలా చెయ్యాలో రాసి పెట్టాల్సిన ఫైళ్లన్నీ పంతొమ్మిది రోజుల్లో రాసి పడేసింది. ఇంటికొచ్చి వంటగదికి తనే రంగు వేసింది, అన్ని కిటికీలకీ పరదాలు కుట్టింది, ఆయన ఆఫీసు వాళ్లు పదహారు మందికి ఒంటిచేత్తో విందు వండింది. నిద్ర మూడు గంటలు. మాట ఎత్తుకుంటే ఆపలేకపోయేది, ఆకలి తెలిసేది కాదు. అప్పుడు ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్దామనలేదు. "మా కోడలు చేతికి చక్రాలున్నాయి" అని అత్తగారు ఫోన్లో అందరికీ చెప్పింది. ల్యాబులో దండ వేసి ఫొటో తీశారు. ఆ తర్వాత ఒక సోమవారం ఆమె లేవలేకపోయింది. పదకొండు రోజులు తల దువ్వుకోలేదు. అప్పుడు దొరికింది అందరికీ జబ్బు అనే మాట. డాక్టరు దాన్ని బైపోలార్ అన్నాడు, పైకి పోవడమూ కిందికి పడడమూ రెండూ ఒకటే జబ్బని బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఇంట్లోవాళ్లు బొమ్మలో కింది సగమే చూశారు. పై సగం వాళ్లందరికీ పనికొచ్చింది మరి.

లిథియం మొదలుపెట్టాక ఆమె నిలదొక్కుకుంది. నోరు ఎండుతుంది, ఒళ్లు కాస్త బరువెక్కింది, చేతివేళ్లు సన్నగా వణుకుతాయి. రక్తం తీసే మనిషికి చెయ్యి వణికితే ఎలా? మణికట్టు రోగి చేతి మీద ఆనించి సూది గుచ్చడం నేర్చుకుంది. ఆరేళ్లలో ఒక్కరి నరం తప్పలేదు. అయినా ఎవరో ఒకరు, "మీ చెయ్యి వణుకుతోందేంటమ్మా, కొత్తా?" అంటూనే ఉంటారు. పదిహేనేళ్ల సర్వీసు, నవ్వి ఊరుకుంటుంది.

మూడు నెలలకోసారి రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూసుకోవాలి. ఆమె ల్యాబులో ఉద్యోగుల ఇంట్లోవాళ్లకి పరీక్షలు ఉచితం. "మీవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అమ్మ పేరు రాసెయ్, ఆవిడకేం తెలుస్తుంది" అన్నాడు ఆయన. అలా ఆరేళ్లుగా ఆమె రక్తం అత్తగారి పేరుతో గొట్టంలోకి వెళ్తోంది. రోజుకి నూరు గొట్టాల మీద పేర్లు రెండేసి సార్లు సరిచూసే మనిషి, తన గొట్టం మీద మాత్రం అబద్ధం అంటిస్తోంది. ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే అక్కకి ఆ రిపోర్టులు కంటబడ్డాయి. అప్పట్నుంచీ జాలి మొదలైంది.

"మీ అత్తగారితో ఎలా వేగుతున్నావే తల్లీ. కత్తులవీ దాచిపెడుతున్నావా?"

"అంత లేదక్కా, మందు వేసుకుంటే బాగానే ఉంటారు."

"ఏం బాగో. అలాంటివాళ్లని నమ్మకూడదు. పిల్లని మాత్రం ఆవిడ దగ్గర వదలకు."

అలాంటివాళ్లు ఎలా ఉంటారో ఆమె మూడు నెలలకోసారి ఆ అక్క నోటే వింటూ వచ్చింది. ఇంటి దగ్గర అత్తగారేమో నిక్షేపంలా కూర్చుని, కోడలి నిద్రమత్తు గురించి చెల్లెలికి ఫోన్లో చెబుతూ ఉంటుంది.

మళ్లీ తనిఖీ దగ్గరపడింది. ల్యాబు పెద్ద డాక్టరు ఆమెని గదిలోకి పిలిచి, "ఆ ఏడాది చేశావు చూడమ్మా, అలా ఇంకొక్క ఊపు ఊపు. ఇది గట్టెక్కితే ఇన్‌ఛార్జి కుర్చీ నీదే" అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చి చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

ఆ తర్వాత రెండో వారానికి చెయ్యి వణకడం మానేసింది. ముందు సంతోషించింది. నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది, లేచి అలమరలన్నీ దులుపుతోంది. ల్యాబులో అందరికంటే ముందుంటోంది, మధ్యాహ్నానికి ఫైళ్లు సగం అయిపోతున్నాయి. చాలా ఏళ్ల తర్వాత తన బుర్ర తనదైనట్టు అనిపించింది. మాటలు వెతుక్కోకుండానే వస్తున్నాయి, కూరగాయల రంగులు కూడా ముద్దొస్తున్నాయి. "ఇదీ మా కోడలంటే" అంది అత్తగారు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడు ఆయన. మరి ఆరేళ్లూ ఏమిలా ఉందో ఆమె అడగలేదు. పన్నెండేళ్ల కూతురు ఒక్కతే అన్నం తింటూ తల ఎత్తి, "అమ్మా, నువ్వు మళ్లీ చాలా తొందరగా మాట్లాడుతున్నావు" అంది. "మళ్లీ" అన్న ఆ మాట ఆమె వీపు మీద చన్నీళ్లలా పడింది. కానీ మర్నాటికి మరిచిపోయింది. ఆ హుషారులో ఏదీ ఎక్కువసేపు నిలవదు.

మూడో వారం గురువారం ఒక గర్భిణి రక్తం గ్రూపు, పోయిన నెల రికార్డుతో కలవలేదు. మనిషి రక్తం గ్రూపు నెలకోసారి మారదు. ఆమె గొట్టాలు తీసి చూసింది. గర్భిణి తర్వాత కూర్చున్న ముసలాయన గొట్టానికి ఆ అమ్మాయి పేరు, ఆ అమ్మాయి గొట్టానికి ముసలాయన పేరు. టైము కలిసొస్తుందని ఆరుగురి పేర్లు ముందే చింపి బల్లంచుకి వరసగా అంటించి పెట్టుకుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే తను చెప్పే మాట, మనిషి ఎదురుగా ఉండగానే పేరు అంటించమని. రిపోర్టు ఇంకా బయటికి పోలేదు కాబట్టి సరిపోయింది. ఇద్దరినీ పిలిపించి, క్షమాపణ చెప్పి, మళ్లీ రక్తం తీసింది. తర్వాత బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. ఆ ముసలాయన గ్రూపు రక్తం కాన్పులో ఆ పిల్లకి ఎక్కించి ఉంటే? కూతురన్న "మళ్లీ" అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున, పరీక్షకి ముందు వేసుకోకూడదు కాబట్టి మాత్ర వేసుకోకుండా ల్యాబుకి వచ్చి, రబ్బరు పట్టీ పళ్లతో బిగించుకుని తన చేతిలోంచి తనే రక్తం తీసుకుంది. అలవాటు ప్రకారం అత్తగారి పేరు అంటించింది. ఎప్పుడూ సున్నా పాయింటు ఎనిమిది వచ్చేది. ఇప్పుడు సున్నా పాయింటు మూడే వచ్చింది. మిషను సరిచూసుకుని రెండోసారి పెట్టింది. మళ్లీ అంతే. ఒక్క పూట కూడా మాత్ర తప్పలేదు తను.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా డబ్బా తెరిచింది. రాత్రి అరలో రెండు తెల్ల మాత్రలు. ఒకదానికి మధ్యలో లిథియం మాత్రకుండే గీత ఉంది, రెండోదానికి లేదు. పొద్దుటి అరలో ఉన్న ఒక్కదానికీ గీత లేదు. అత్తగారి తలగడ పక్కనున్న గ్యాసు మాత్రల అట్టలోంచి ఒకటి తీసి గీత లేనిదాని పక్కన పెట్టి చూసింది. కవలపిల్లల్లా ఉన్నాయి. ఆరేళ్లుగా అరచేతిలో పోసుకుని చూడకుండా మింగింది. అదీ నమ్మకమంటే, అనుకుంది. వెక్కిరింత తన మీదే.

ఆయన దొంగలా తడబడతాడనుకుంది. తడబడలేదు.

"తనిఖీ అయ్యేదాకానే. తర్వాత మామూలే. నీ మంచికే చేశాను. ఇన్‌ఛార్జివి అవుతావని కాదూ?"

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకుంటావా? అయినా చూడు, ఎంత చురుగ్గా ఉన్నావో. నిజం చెప్పు, నీకు మాత్రం బాగా లేదూ?"

బాగానే ఉంది. అక్కడే ఆమెకి ఏడుపొచ్చింది. బాగుందని ఆయనకి తెలుసు, ఆమెకి తెలుసు. దాని వెనకాల వచ్చే సోమవారం మాత్రం ఆమె ఒక్కదానిదే.

"పడిపోతే?" అని అడిగింది.

"పడిపోతే చూసుకోమూ? ఇన్నాళ్లూ చూసుకోలేదా?"

అత్తగారు గుమ్మంలోంచి, "నాలుగు రోజులు ఇల్లు కళకళలాడింది, ఓర్చుకోలేకపోయావమ్మాయ్" అంది. ఆ రిపోర్టులన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయో అప్పుడు చెప్పింది ఆమె. ఆవిడ, "నా పేరుకా? ఆ జబ్బు నా పేరుకి అంటగడతారా? రేపు ఎవరికైనా తెలిస్తే నా పరువేం కాను?" అని కొడుకు మీద విరుచుకుపడింది. మాత్రలు మార్చినందుకు ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. పేరు పాడైనందుకు రాత్రి భోజనాలు మానేశారు. ఆమె, కూతురూ తిన్నారు.

శనివారం ల్యాబులో పక్క బల్ల అక్క రిపోర్టు చేత్తో పట్టుకుని, కుర్చీతో సహా దగ్గరికి జరిగింది. "మీ అత్తగారికి అంకె బాగా పడిపోయిందే. మందు ఎగ్గొడుతోందా?"

"అది మా అత్తగారిది కాదక్కా, నాది. ఆరేళ్లవీ నావే."

అక్క కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. కుర్చీకి చక్రాలున్నాయి కాబట్టి, దానంతటదే జరిగిందని అనుకోవచ్చు. ఆమె ఇంకో గొట్టం తీసి, మళ్లీ తన రక్తం తీసుకుని, పేరు కాగితం మీద తన పేరు రాసి అంటించింది. అది పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్లి అంతా చెప్పింది, గర్భిణి గొట్టంతో సహా.

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. "ముందే చెప్పి ఉంటే నిన్ను సూది పనిలో ఉంచేవాళ్లమా?"

"అందుకే చెప్పలేదు సార్."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఆరేళ్లు వణికే చేత్తో గుచ్చాను. ఒక్క ఫిర్యాదుందేమో చూడండి. చెయ్యి వణకని రెండు వారాల్లో తప్పు చేశాను. మీరు అడిగిన ఊపు అదే. ఆ మనిషి మీకు ఇక దొరకదు. వణికే మనిషి కావాలంటే రేపట్నుంచి తన వంతు పని తను చేస్తుంది, ఇంకొకరి వంతు చెయ్యదు. పేర్లు తప్పు రాసినందుకు మెమో ఇస్తే తీసుకుంటాను."

మెమో ఇచ్చారు. నెల రోజులు సూది పని లేదు, పేర్లు రాసుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఇన్‌ఛార్జి కుర్చీ మాటే మళ్లీ ఎత్తలేదు. ఆమె రాసిన సగం ఫైళ్ల మీద వేరొకరి సంతకం పడింది. మనోవైద్యుడి దగ్గరికి ఈసారి ఒక్కతే వెళ్లి వచ్చింది. ఇంట్లో ఆయనతో ఒక్కటే చెప్పింది, "నెలనెలా రక్తం చూసుకుంటాను. అంకె మళ్లీ పడితే, నేనూ పిల్లా ఈ ఇంట్లో ఉండం." ఆయన, "మందు తగ్గితే నీకు పొగరెక్కుతుంది" అన్నాడు. అప్పటికి మందు సరిగ్గానే పడుతోంది.

మూడో ఆదివారం ఆమె భోజనాల బల్ల మీద పాత పేపరు పరుచుకుని కూర్చుంది. టీవీ గొంతు ఎవరూ తగ్గించలేదు. ప్రతి మాత్రనీ వెలుతురుకి పెట్టి గీత చూసి అరలో వేసింది. అత్తగారు కాఫీ కోసం రెండుసార్లు వంటింటి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, మళ్లీ తీసేశాడు. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్లలోంచి మాత్ర జారి బల్ల మీద దొర్లింది.

"చూశావా, మళ్లీ మొదలైంది వణుకు" అంది అత్తగారు.

ఆమె చెయ్యి చాపి చూసుకుంది. సన్నగా, బాగా తెలిసిన వణుకే.

"అవునత్తయ్యా," అంది మాత్రను తీసి అరలో వేస్తూ, "ఇది నా చెయ్యే."