ఐదు గదుల పొగ

పెద్ద వరద వచ్చాక ఇరవై తొమ్మిదో ఏట ఇది జరిగింది. వరద వచ్చినప్పుడు మా అమ్మాయి తల్లి కడుపులో ఐదో నెల. అందుకని దాని వయసు నేనెప్పుడూ మరిచిపోలేదు.

నేను కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో పనిచేస్తాను. మిషన్లో పెట్టిన గుడ్లను ఏడో రోజున ఒక్కొక్కటే దీపం ముందు పట్టి చూడటం నా పని. లోపల ఎర్రటి నరాలు అల్లుకుని కనిపిస్తే మళ్ళీ మిషన్లోకి. ఏమీ కనిపించకపోతే ఉత్త గుడ్డు, పక్కకు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే. ఈ పనిలో మాటలతో అవసరం లేదు. తోటివాళ్ళు నన్ను మూగాయన అంటారు.

పెళ్ళయి ఆరేళ్ళయినా అమ్మాయికి కడుపు పండలేదు. రెండేళ్ళుగా నెలసరి కూడా సరిగా రావడం లేదు. పెద్ద డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. ఫలితం చెప్పే రోజున అల్లుడికి సెలవు దొరకలేదు. నేనూ నా భార్యా తోడు వెళ్ళాం. గదిలో కుర్చీలు చాలలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“నీలో గుడ్లు దాదాపు అయిపోయాయమ్మా,” అంది డాక్టరమ్మ.

“మళ్ళీ తయారవ్వడానికి మందులు రాయండి. ఎన్నాళ్ళయినా మింగుతాను.”

“కొత్తవి తయారవ్వవు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని గుడ్లన్నీ దానిలో తయారైపోతాయి. ఐదో నెలకి లక్షల్లో ఉంటాయి. అక్కణ్ణించి తరగడమే గాని పెరగడం లేదు. వాటిలోంచే నెలకొకటి పక్వానికొచ్చి బయటపడుతుంది. మగవాడి బీజం దాంతో కలిస్తే బిడ్డ. చాలామందికి యాభై దాకా సరిపోతాయి. నీకు ముందే నిండుకున్నాయి.”

ఐదో నెల అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఏదో ఒకటి అడగాలనిపించింది.

“కోడికీ అంతేనా అమ్మా?”

డాక్టరమ్మ నవ్వలేదు. “కోడికీ అంతే పెద్దాయనా.”

“చాల్లే నాన్నా! ఎన్నడూ పెదవి విప్పవు. విప్పితే కోళ్ళా?” అంది అమ్మాయి.

డాక్టరమ్మ నా భార్య వైపు తిరిగింది. “మీకు నెలసరి ఎప్పుడు ఆగింది?”

“నలభై ఒకటికండీ.”

“ఈ అమ్మాయి కడుపులో ఉండగా జబ్బులేమైనా చేశాయా? ఘాటు మందుల దగ్గర ఏమైనా పనిచేశారా?”

నా భార్య నా వైపు చూడలేదు. ఒళ్ళో సంచి సర్దుకుంది. “లేదండీ. ఇంటిపట్టునే ఉన్నాను.”

“ఇందుకే ఇలా అయిందని చాలామందిలో చెప్పలేం. ఎవర్నీ అనుకుని లాభం లేదు. వేరే ఆమె గుడ్డు తీసుకుని, నీ భర్త బీజంతో కలిపి, నీ కడుపులో పెంచే దారి ఒకటుంది. ఇంట్లో మాట్లాడుకుని రండి.”

బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మాయి తల్లి మీద విరుచుకుపడింది.

“ముక్కు నీదే, జుట్టు నీదే, ఇదీ నీదే. నన్ను మోసినప్పుడు కడుపుకి తిన్నావా అసలు?”

“తిన్నానే.”

“మరి ఆ గుడ్లు నీ కడుపులోనే కదా తయారయ్యాయి? ఏం చేశావమ్మా నన్ను?”

“తప్పు నాదే అనుకో.”

“అనుకునేదేముంది, నీదే. ఇంక నా గడప తొక్కకు.”

బస్సు వచ్చింది. తల్లి మెట్టు మీద కాలు పెట్టబోతే, “మీరు వెనక బస్సులో రండి,” అని తనొక్కతే ఎక్కి వెళ్ళిపోయింది.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, వరద తీశాక హేచరీలో వేల గుడ్లు మురిగిపోయాయి. ఐదు గదులూ కడిగి, పురుగు చావడానికి మందు పొగ పెట్టాలి. బొచ్చెలో పొడి పోసి, దాని మీద ఫార్మాలిన్ కుమ్మరిస్తే పొగ బుస్సున లేస్తుంది. పోసినవాళ్ళు ఊపిరి బిగబట్టి బయటికి పరుగెత్తాలి. పనివాళ్ళు సగం మంది రాలేదు. రెండు రోజుల్లో పూర్తిచేస్తే నన్ను మేస్త్రీని చేస్తానన్నాడు యజమాని. నేను నా భార్యను వెంటబెట్టుకు వెళ్ళాను. గదులు నేను కడిగాను. మందు ఆమె పోసింది.

మూడో గది దగ్గర, “ఏమండీ, కళ్ళు మండిపోతున్నాయి. కడుపులో అదోలా ఉంది,” అంది.

“ఇంకా రెండే కదే,” అన్నాను.

ఐదో గదిలోంచి పరుగెత్తలేక నడిచి వచ్చింది. మేస్త్రీ పని యజమాని బావమరిదికి ఇచ్చారు.

డాక్టరమ్మ దగ్గర్నించి తిరిగొచ్చిన సాయంత్రం నా భార్యను అడిగాను. “ఎందుకు అబద్ధమాడావు?”

“పొగవల్లేనని డాక్టరమ్మ అందా?”

“అనలేదు.”

“మరింకేం? నన్నంటే పడతాను. మీరు పడలేరు. ఊరుకోండి. ఊరుకోవడం మీకు చేతనైన పనేగా.”

మర్నాడు పొద్దున్నే పనికి వెళ్ళకుండా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడు మొహాన సబ్బు నురగతో తలుపు తీశాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

“రండి మావయ్యా. ముద్ద ముట్టలేదు నిన్నటి నుంచి. మీరైనా చెప్పండి... అంటే, మీరు మాట్లాడరని కాదు,” అని నాలుక కరుచుకున్నాడు.

అమ్మాయి వంటగదిలో ఉంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. వరద సంగతి, ఐదు గదుల సంగతి, వాళ్ళమ్మ అన్న మాట, నేనన్న మాట. కారణం తెలియదని డాక్టరమ్మ అందిగా అని అడ్డుపెట్టుకోలేదు. నా జన్మలో ఒక్కసారిగా అంత మాట్లాడలేదు.

“అమ్మ మూడో గది దగ్గరే చెప్పిందా?”

“ఆఁ.”

“చెప్పినా...”

పూర్తి చెయ్యలేదు. స్టవ్ మీద గిన్నె మాడుతోంది. అల్లుడు వచ్చి ఆర్పాడు. అమ్మాయి నాకు వీపు పెట్టి నిలబడి, “అమ్మని పంపించు,” అంది. మాడిన గిన్నె నీళ్ళ కింద పెట్టి, “నువ్వు కొన్నాళ్ళు రాకు నాన్నా,” అంది.

ఇంటికి నడిచి వచ్చాను. “నిన్ను రమ్మంటోంది,” అన్నాను నా భార్యతో.

ఆమె నా మొహంలోకి చూసింది. చెప్పులు వేసుకుంది. వాకిట్లో ఆగి, “మీరు?” అంది.

“నాకు పనుంది,” అన్నాను.