కొండ కింద భోజనాలు

వెనక గది తలుపు మళ్ళీ పట్టేసింది. పొద్దున్నే వడ్రంగి వచ్చి కింది అంచుకి ఇంకోసారి చిత్రిక పట్టి, చెమ్మకి ఉబ్బిందమ్మా అని తేల్చేసి, టీ తాగి వెళ్ళిపోయాడు. పొట్టు ఎత్తడం ఎవరి పని? ఆమెదే. చీపురు పుచ్చుకుని గడప దగ్గర కూర్చుని ఊడుస్తూ తలెత్తితే, ద్వారబంధం మూల నుంచి గోడ మీదికి ఏటవాలుగా పాకిన బీట కనిపించింది. మొన్నమొన్నటిదాకా వెంట్రుకంత ఉండేది. ఇప్పుడు వేలు పెడితే గోరు దూరుతోంది. చెమ్మకి తలుపు ఉబ్బుతుంది, కాదనలేదు. గోడ ఉబ్బదు కదా! అరగదీసుకుంటూ పోతే ఏదో ఒకరోజుకి తలుపన్నదే మిగలదు గానీ, ద్వారబంధం ఎందుకు ఒక పక్కకి ఒరుగుతోందో ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఎందుకో ఆమెకి తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యలేకపోతోంది. ఆ గదిలో పడుకునేది అత్తగారూ, తన కూతురు చిన్నదీ. కిటికీ తీస్తే ఎదురుగా కొండ, చేయి చాపితే అందేంత దగ్గర. ఇల్లు కట్టేటప్పుడు పెరడు విశాలంగా వస్తుందని భర్త ఆ కొండ మొదలు నిలువునా కోయించి, కోతకి అడ్డంగా ఓ గోడ లేపాడు. పాదం కొయ్యకండి, పైన బరువు పైనే ఉంటుంది, ఆపేది పోతుంది అని ఆమె అప్పుడే మొత్తుకుంది. "రికార్డు బుక్కులో బొమ్మలేసినంత తేలిక కాదు ఇల్లు కట్టడమంటే," అన్నాడు, తాపీ పనివాళ్ళందరూ వినేట్టు. వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టి లోపలికెళ్ళిపోయింది. ఇప్పుడా అడ్డుగోడకి నిండు నెలల కడుపొచ్చింది. కొండ మీద చెట్లు ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టు ముందుకి వంగాయి. వాన మొన్నటి నుంచి తెరిపివ్వడం లేదు.

ఆ రికార్డు బుక్కులో బొమ్మలు వేసిందెవరో కూడా చెప్పుకోవాలి మరి. ఆమె, భర్త ఒకే క్లాసు, ఒకే జియాలజీ. తనకో బుక్కు, అతనికో బుక్కు, రెండూ ఆమే నింపింది. అతను అటెండెన్సు నింపాడు, అది కూడా అంతంతమాత్రం. ఆమె క్లాస్ ఫస్ట్. సర్వే డిపార్ట్‌మెంటు వాళ్ళు కాలేజీకొచ్చి మరీ ఆమెని ఎంచుకున్నారు. అప్పటికి పెళ్ళి ఖాయమైంది. ఆడది కొండలు పట్టుకుని తిరిగితే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా అని అత్తగారు ఎంతో నెమ్మదిగా, ఎంతో ప్రేమగానే అడిగింది. "ఇద్దరిదీ ఒకే చదువు, ఒకరు చేస్తే చాలదూ?" అన్నాడు అతను. ఆ ఒక్కరూ చెయ్యలేదు. కొన్నాళ్ళు ఏదో గనుల కంపెనీలో కూర్చుని, బాసుతో పడక వచ్చేసి స్థలాలు అమ్మడం మొదలెట్టాడు. అతని కార్డు మీద పేరు కింద 'భూగర్భశాస్త్ర నిపుణుడు' అని అచ్చేసి ఉంటుంది. కొనేవాళ్ళ ముందు వంగి ఓ గుప్పెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, "నేల సంగతి నాకొదిలెయ్యండి, నేను చదివిందే అది," అంటాడు. ఆ మట్టి నలపడం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే. వాసన చూడడం మటుకు సొంత తెలివి.

ఆమె పొద్దుటిపూట ఓ పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళని వరసలో లోపలికి పంపిస్తుంది. ఏం చదివావమ్మా అని డాక్టరు చేరినరోజు అడిగాడు. డిగ్రీ అండీ, అంది. ఏ డిగ్రీ అని ఆయన అడగలేదు. ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగరని ఆమెకి ఎప్పుడో అర్థమైపోయింది. అత్తగారికైతే మొదటి ప్రశ్నే రాలేదు ఇన్నేళ్ళలో. కోడలు చదువుకున్న పిల్ల, అంతే. చదువుకుంటే వంట మాడదా ఏం?

ఈ రోజు ఆదివారమని భోజనాలకి పాత క్లాసు వాళ్ళందరినీ పిలిచాడు భర్త. ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో అని ఆమె మొదట మురిసింది కూడా. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అతను వంటింట్లోకొచ్చి గుమ్మానికి ఆనుకుని, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. కొండ వాలులో మన ఇంటి పైన స్థలాలు అమ్మకానికి పెట్టాను, వీళ్ళలో కొందరు తీసుకునేట్టున్నారు. "ఎవరైనా అడిగితే కొండ గట్టిదేనని చెప్పు. నేనంటే అమ్ముకునేవాడి మాట అనుకుంటారు. నువ్వు క్లాస్ ఫస్ట్ కదా, నీ మాట నమ్ముతారు."

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. పెళ్ళయ్యాక అతని నోట 'క్లాస్ ఫస్ట్' అన్న మాట వినడం ఇదే. అటకెక్కించిన పాత ట్రంకుపెట్టెని దింపి దుమ్ము దులిపినట్టు తన చదువుని దింపాడు, ఎందుకయ్యా అంటే, అబద్ధం ఆడించడానికి.

"వెనక గోడ చూశారా ఈ మధ్య?" అంది.

"చూడ్డానికేముంది? వానలయ్యాక పూత పూయిస్తాను. నువ్వు మళ్ళీ మొదలెట్టకు, మంచి పూట."

అతను వెళ్ళిపోయాడు. కాలేజీలో అతన్ని నువ్వు అనేది, చనువెక్కువైతే ఒరేయ్ అని కూడా. పెళ్ళయిన మర్నాడు అత్తగారు పక్కకి పిలిచి మీరు అనడం నేర్పింది. నోరు అలవాటు పడింది. నోటితోపాటు ఇంకా చాలా అలవాటు పడ్డాయి.

మధ్యాహ్నానికి అందరూ దిగారు, తడిసిన గొడుగులతో, నవ్వులతో. చదువుకునే రోజుల్లో సుత్తి తేవడం మర్చిపోయి, వాగుడుతోనే రాళ్ళు పగలగొట్టేవాడని 'సుత్తి' అని పేరుపడ్డవాడు ఇప్పుడు ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు. చదువు వృథా పోలేదన్నమాట. 'గుండ్రాయి' బ్యాంకు మేనేజరు, ఇంకా గుండ్రాయిలాగే ఉన్నాడు. ఒకడికి చెప్పుల దుకాణం, ఇంకొకడు పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. ప్రతి ఫీల్డు ట్రిప్పులోనూ దారి తప్పి 'దిక్సూచి' అని పిలిపించుకున్న స్నేహితురాలు బ్యూటీ పార్లర్ నడుపుతోంది. ఇంతమంది జియాలజీ వాళ్ళు ఒక్క ఇంట్లో చేరితే ఒక్కళ్ళయినా కొండ వైపు చూస్తారని ఆమె ఆశపడింది. తను నోరు విప్పకుండానే ఎవరో ఒకరు గట్టెక్కిస్తారనుకుంది, పిచ్చిది.

భర్త ఇల్లంతా తిప్పి చూపించాడు. వెనక గది తలుపుని భుజంతో తోసి, చెమ్మ అన్నాడు. చెమ్మే మరి అన్నారందరూ. సుత్తి బీట మీద అరచెయ్యి వేసి, కాస్త పుట్టీ పెట్టి రంగేస్తే పోతుందని సలహా పారేశాడు. దిక్సూచి ఒక్కత్తీ బీట దగ్గర ఆగింది. వేలు దాని వెంబడి పైదాకా పోనిచ్చి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడింది. ఈలోగా ముందు గదిలోంచి భోజనాలకి పిలుపొచ్చింది.

బల్ల చుట్టూ మగవాళ్ళూ దిక్సూచీ, సోఫాలో అత్తగారు, ఆవిడ పక్కన చిన్నది. ఆమె వడ్డిస్తూ తిరుగుతోంది. ఇంటి పక్కనుంచి దిగే వాగు పొద్దుటి నుంచి హోరెత్తుతోంది, మాట వినపడాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది. నువ్వేమయ్యావంటే నువ్వేమయ్యావని అందరూ చెప్పుకున్నారు. ఆమెని అడగలేదు. ఆమె ఏమైందో చేతిలో కూర గిన్నె చెబుతూనే ఉంది. భర్త స్థలాల మాట ఎత్తాడు. పైనుంచి చూస్తే ఊరంతా కాళ్ళ కింద ఉంటుందన్నాడు. కొండ వాలు కదా, ఏం పరవాలేదా అని గుండ్రాయి నవ్వుతూనే అడిగాడు, బ్యాంకువాడు గనక.

"నన్నెందుకు, క్లాస్ ఫస్టుని అడగండి," అన్నాడు భర్త. "చెప్పవోయ్."

అందరూ ఆమె వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే గదిలో ఏదో తగ్గినట్టయింది. ఏమిటో వెంటనే తెలియలేదు. అరవాల్సిన పని లేకుండా మాటలు వినిపిస్తున్నాయి. సుత్తి హమ్మయ్య అని, వాన వెలిసినట్టుంది అన్నాడు. ఆమె కిటికీలోంచి చూసింది. వాన అలాగే కుండపోతగా పడుతోంది. ఆగింది వాగు.

క్లాసులో మేష్టారు సుద్దముక్క పట్టుకుని కొండ గీసి చెప్పిన పాఠం అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. వాన కురుస్తుండగా వాగు ఆగిందంటే పైనెక్కడో కొండ జారి అడ్డం పడిందన్నమాట. ఆ అడ్డు తెగినప్పుడు వచ్చేది నీళ్ళు ఒక్కటే కాదు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది కూడా. భర్తకి ఆ జవాబు పక్క బెంచీ నుంచి తనే చూపించింది.

కూర గిన్నె బల్ల మీద పెట్టింది.

"కొండ కదులుతోంది," అంది. "వాన పడుతూనే ఉంది, వాగు ఆగిపోయింది. ఇదేమిటో ఇక్కడున్న అందరూ పరీక్షలో రాశారు. లేవండి, బయటికి."

ఎవరో నవ్వారు. భర్త ఇంకా గట్టిగా నవ్వి, మా ఆవిడకి జోకులెయ్యడం ఇప్పుడిప్పుడే వస్తోంది, కూర్చోండి అన్నాడు. కూర్చునే ఉన్నవాళ్ళని కూర్చోమన్నాడు. దిక్సూచి మటుకు లేచింది. ఎంగిలి చేత్తోనే చిన్నదాన్ని ఎత్తుకుని, ఒక్క మాట మాట్లాడకుండా గుమ్మం దాటింది. ఈసారి దారి తప్పలేదు. దాంతో కుర్చీలు కదిలాయి, మొహమాటంగా ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని లేపింది. అన్నం ముందునుంచి లేపుతావేమిటే అని సణుగుతూనే ఆవిడ నడిచింది.

గుమ్మంలో ఆగి భర్త వైపు తిరిగింది. "లే. నువ్వు కూడా రా."

ఇంత జరిగాక కూడా అతని మొహం కందగడ్డయింది ఆ 'నువ్వు'కే. ఇంతమందిలో! అతను కంచం దగ్గరికి జరుపుకుని, అన్నంలో కూర కలుపుకున్నాడు.

వాగుకి దూరంగా, రోడ్డుకి అవతల మెరక మీద నిలబడ్డారందరూ, తడుస్తూ. మూసిన గొడుగులు ఇంట్లోనే ఉండిపోయాయి. తెరిచి ఉన్న కిటికీలోంచి అతను కనిపిస్తూనే ఉన్నాడు. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడూ కూర్చుని, పరువు కోసం, ముద్ద తర్వాత ముద్ద తింటున్నాడు. ఇంటి వెనక కరెంటు స్తంభం పొద్దున నిటారుగా ఉన్నది కాస్తా వంగి, తీగలు బిగుసుకున్నాయి. ఆమె పిలవాల్సిన పిలుపు పిలిచేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదని నిర్ణయించుకుంది. చిన్నదాన్ని భుజానికెత్తుకుంది, రెండో చేత్తో అత్తగారి మణికట్టు వదల్లేదు.

"వాణ్ణి పిలువే," అంది అత్తగారు.

"పిలిచాను. మీరు పిలవండి."

ఆవిడ పిలిచింది. అతను ఎడం చెయ్యి ఊపాడు, పొండి పొండి అన్నట్టు. ఎక్కడో పైన, వాన చప్పుడు అడుగున, రాయికి రాయి ఒరుసుకున్న చప్పుడు. ఇప్పుడు అందరూ కొండ వైపే చూస్తున్నారు. సుత్తి కూడా. అత్తగారు వంగిన స్తంభాన్నీ కోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"అసలు నువ్వు చదివిందేమిటే?" అంది.

ఆమె కొండ మీద నుంచి చూపు తిప్పలేదు.

"దీన్నే, అత్తయ్యా. ఇంకోసారి పిలవండి. గట్టిగా."