తెలిసిన రిపేరు

కుట్టుమిషన్ల మేస్త్రికి ఒక అలవాటుంది. పని అడుగుతూ కొత్త మెకానిక్కు ఎవడొచ్చినా, బాగున్న మిషన్‌లో తానే ఒక మర వదులు చేసి, "ఏదో చప్పుడొస్తోంది, చూడవయ్యా" అని ముందు పెట్టేవాడు. తెలిసిన రిపేరు పెడితేనే ఎదుటివాడి బండారం తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఇరవై ఏళ్ళలో ఆ పరీక్ష నెగ్గినవాడు ఒక్కడే, సొంత బావమరిది. "మర నువ్వే వదులు చేశావు బావా, నీ గోటికింద నూనె ఇంకా ఆరలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ.

ఆ బావమరిది మూడు వారాలుగా కొట్టుకు రావడం లేదు.

కారణం ఒక స్క్రూడ్రైవర్. మేస్త్రి నోటికి ఏనాడూ తాళం లేదు. సూది విరిగితే తిట్టు, దారం తెగితే తిట్టు, టీ చల్లారితే టీని కూడా తిట్టు. బావమరిది అవన్నీ ఫ్యాను చప్పుడులా వినేవాడు. కానీ ఆ రోజు ఒక టైలరమ్మ అదే మిషన్‌ను మూడోసారి వెనక్కి తెచ్చిందన్న ఉక్రోషంలో మేస్త్రి చేతిలో ఉన్నది విసిరాడు. అది బావమరిది చెవి పక్కనుంచి వెళ్ళి గోడమీది క్యాలెండర్లో దిగబడింది.

బావమరిది లేచి చేతులు తుడుచుకున్నాడు. "నీ నోరు పన్నెండేళ్ళు భరించాను బావా. చెయ్యి భరించడం నా వల్ల కాదు. ఎవరికైనా చూపించుకో, అప్పుడొస్తా."

"ఏం చూపించుకోవాలిరా? నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చి సంగతి నాకు తెలీదు. చెవుల సంగతి తెలుసు. నాకున్నవి రెండే."

మేస్త్రి వారం రోజులు బిగదీసుకు కూర్చున్నాడు. అయితే కొన్ని పనులకు ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు సూది పట్టాలి. అరవడానికైనా ఎదురుగా ఒకడుండాలి. గోడ మీద అరిస్తే గోడ జవాబు చెప్పదు.

భార్య క్లినిక్ డాక్టరునడిగి కోపాలకూ భయాలకూ కౌన్సెలింగ్ చేసే ముగ్గురి పేర్లు రాయించుకొచ్చింది. "ముగ్గుర్నీ చూసి, కుదిరినవాళ్ళ దగ్గర కూర్చోమన్నారు. చెప్పుల కొట్లో నాలుగు జతలు తొడిగి చూడవూ? ఇదీ అంతే. తమ్ముడు రాకపోతే నేను వచ్చి నీ ఎదురుగా కూర్చోను, ముందే చెప్తున్నా."

చదువు మధ్యలో మానేసినవాడికి చదువుకున్నవాళ్ళ గుమ్మం ఎక్కాలంటే కాళ్ళు బరువెక్కుతాయి. ఆ బరువు కనబడకుండా ఉండాలంటే ఎదుటివాడికే పరీక్ష పెట్టాలి. మేస్త్రి తనకు తెలిసిన రిపేరొకటి అరువు తెచ్చుకున్నాడు. పక్కనున్న సెలూన్ ఆయన ఒకసారి లిఫ్ట్‌లో ఇరుక్కుపోయి, అప్పట్నుంచి లిఫ్ట్ పేరెత్తితే చెమటలు కక్కేవాడు. రోజుకో అంతస్తు చొప్పున తోడు పట్టుకుని లిఫ్ట్‌లోనే ఎక్కి, నెలకు బాగుపడ్డాడు. రోగమూ తెలుసు, మందూ తెలుసు. ఇక చూస్కో.

మొదటాయన గడ్డం పెద్దమనిషి. మేస్త్రి "లిఫ్ట్" అన్నాడో లేదో, ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అర్థమైంది. చిన్నప్పుడు మీ అమ్మగారు మిమ్మల్ని గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. పది సిట్టింగులు. గ్యారంటీ."

మేస్త్రి వాళ్ళమ్మ పాపం ఆయనకు మూడేళ్ళప్పుడే పోయింది. పైగా వాళ్ళ గదికి గొళ్ళెమే లేదు. మూత తీయకుండా గ్యారంటీ ఇచ్చేవాడు మెకానిక్కు కాదు, జోస్యగాడు అనుకుంటూ మేస్త్రి మెట్లు దిగాడు.

రెండో ఆయన నవ్వుముఖం. "లిఫ్టా? మా తోడల్లుడూ అంతేనండీ!" అని మొదలుపెట్టి, ముప్పావుగంట తోడల్లుడి పొగరు గురించే చెప్పాడు. చివరికి మేస్త్రే ఆయన భుజం తట్టి, "పోనీలెండి, మీరే పెద్దమనసు చేసుకోండి" అని ఓదార్చి బయటపడ్డాడు.

మూడో ఆవిడ గది నాలుగో అంతస్తులో. బల్ల మీద కాగితాలు, వాటి మీద గుండ్రటి గాజు బరువు, రెండు కుర్చీలు. "ముందు నన్నేమైనా అడగాలనుకుంటే అడగండి" అందావిడ.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "ఎన్నాళ్ళ అనుభవం?"

"తొమ్మిదేళ్ళు. కోపాల మీద ఎక్కువ, భయాల మీద తక్కువ. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. మీకో ఇంకొకరికో ప్రాణం మీదికొచ్చే మాటైతే తప్ప. మూడు నాలుగుసార్లు కూర్చున్నాక నేను మీకు కుదరలేదనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకొకరి దగ్గరకు పంపిస్తాను. ఇప్పుడు చెప్పండి."

మేస్త్రి సెలూన్ ఆయన కథంతా చెమటలతో సహా అప్పజెప్పాడు. ఆవిడ చివరిదాకా విని అడిగింది. "ఇక్కడికి మెట్లెక్కి వచ్చారా?"

"ఎక్కడమ్మా, మోకాళ్ళు సహకరించవు. లిఫ్ట్‌లోనే..."

దొంగకు తేలు కుట్టినట్టయింది.

"ఆ భయం ఎవరిదండీ?"

"పక్క సెలూన్ ఆయనది."

"ఆయన్ని రమ్మనండి, చూద్దాం. మీదేమిటి?"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "అంటే నేను అబద్ధాలకోరుననా?" గొంతు గది దాటింది. ఎప్పుడు వెళ్ళిందో చెయ్యి వెళ్ళి గాజు బరువును పట్టుకుంది.

ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. గొంతు మాత్రం పెంచలేదు. "అది కింద పెట్టండి. మాట్లాడుకుందాం."

మేస్త్రి తన చేతిని ఎవరిదో చెయ్యిలాగా చూశాడు. గాజు బరువును తిరిగి బల్ల మీద పెట్టాడు.

"ఇదేనమ్మా నా రిపేరు."

అప్పుడు స్క్రూడ్రైవర్ సంగతి చెప్పాడు. క్యాలెండర్ సంగతి, చెవి సంగతి, ఖాళీ స్టూలు సంగతి. చెప్పడం అయ్యాక, "ఎన్నాళ్ళకు బాగవుతుంది?" అన్నాడు.

"ఇప్పుడే చెప్పలేను. వారానికోసారి కొన్నాళ్ళు రావాలి. మొదట్లో మనసులో బరువు తగ్గకపోగా పెరిగినట్టు కూడా ఉండొచ్చు. అది కూడా చెప్పండి. మీ దగ్గరకు మిషన్ తెస్తే ముందేం చేస్తారు?"

"తెచ్చినవాళ్ళనే కూర్చోబెట్టి తొక్కమంటాను. పక్కన నిలబడి వింటాను. సగం రిపేర్లు మిషన్‌లో ఉండవమ్మా, తొక్కే కాల్లో ఉంటాయి."

"ఇక్కడా అంతే. తొక్కేది మీరు, వినేది నేను. ఎక్కడ తేడా వస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం."

ఆ సాయంత్రం మేస్త్రి బావమరిది ఇంటికి వెళ్ళేసరికి అతను గుమ్మంలో కూర్చుని గొడుగు పుల్ల సరిచేస్తున్నాడు.

"చూపించుకున్నాను."

"ఏం చెప్పారు?"

"చెప్పడమా? నాచేతే చెప్పించింది."

"తగ్గిందా?"

మేస్త్రి నోటిదాకా వచ్చిన "తగ్గింది" అనే మాటను మింగాడు. "లేదురా. ఆవిడ ముందు కూడా చెయ్యి లేచింది. ప్రతి మంగళవారం రమ్మంది."

"అయితే ఈలోపు నా చెవులు?"

"పొద్దున కొట్టుకొచ్చి చూడు. నచ్చకపోతే వెళ్ళిపో."

తెల్లారి బావమరిది గడపలోనే ఆగిపోయాడు. బల్ల మీద స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, ఆఖరికి నూనె డబ్బా కూడా, ఒక్కొక్కటీ తోలు కుట్టే దారంతో మేకులకు కట్టి ఉన్నాయి, తప్పిపోతాయేమోనని కట్టేసిన మేకపిల్లల్లా.

బావమరిది నవ్వలేదు. తన స్టూలు మీద కూర్చుని, పెద్ద స్క్రూడ్రైవర్‌ను దారం బిగిసేదాకా తనవైపు లాక్కున్నాడు.

"ముక్కు దాకా వస్తోంది బావా."

"ఇంకో జానెడు తగ్గిస్తా."

"నువ్వాగు, నేను కడతా. నీ ముడులు నాకు తెలుసు" అంటూ బావమరిది కత్తెర అందుకున్నాడు.