మూసేసిన రోషన్‌దాన్లు

అశోక్‌నగర్‌లో వేదవతి ఇంటి వెనక వాటా అయిదు నెలలుగా ఖాళీగా ఉంది. ఆ ఏడాది, అంటే అరవై తొమ్మిదిలో, ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు ముదిరి, కోస్తావాళ్ళ ఇళ్ళ మీద ఎవరో విసిరిన రాళ్ళకి ఆ వాటా కిటికీ అద్దాలు పగిలాయి. అద్దెకున్నవాళ్ళు వారం తిరక్కుండానే సామాను సర్దుకుని గుంటూరు వెళ్ళిపోయారు. వేదవతి భర్త విశ్వేశ్వరరావుకి ఇక్కడే సర్కారు ఉద్యోగం కాబట్టి ఆ దంపతులు మాత్రం కదల్లేదు. తర్వాత రాళ్ళు పడటం ఆగింది గానీ వేదవతి గుండె దడ ఆగలేదు. గేటు చప్పుడైతే ఉలిక్కిపడేది. వీధిలో ఎవరు కాస్త గట్టిగా మాట్లాడినా తలుపు గడియ పెట్టేది.

కార్తీకమాసం వచ్చేసరికి జగన్నాథరావు అనే ఏలూరు అబ్బాయి ఆ వాటా చూసుకున్నాడు. నారాయణగూడలో ఒక ప్రెస్సులో రాత్రి డ్యూటీ అతనికి.

"మా ఆవిడ మూడు నెలల పిల్లతో వస్తోందండీ పిన్నిగారూ. ఈ ఊరి చలి మాకు అలవాటు లేదు. గాలి చొరబడకుండా అన్నీ మూయించి పెట్టండి" అని అడిగాడు.

చంటిపిల్ల ఉన్న ఇల్లు అనేసరికి వేదవతి ఆ పని తన పనే అనుకుంది. కురుమయ్య అనే తాపీమేస్త్రీని పిలిపించింది. పాలమూరు నుంచి పనికోసం వచ్చి బాగ్ లింగంపల్లి దగ్గర బస్తీలో ఉంటున్న మనిషి. కిటికీలకి అద్దాల బదులు చెక్కలు కొట్టాడు. తలుపు కింద సందుకి గోనెపట్ట బిగించాడు. పైకప్పు పగుళ్ళు పూడ్చాడు. చివరికి గోడపైన కప్పు కింద గాలి వెలుతురు కోసం వదిలిన రెండు రోషన్‌దాన్ల దగ్గర నిచ్చెన మీద నిలబడిపోయాడు.

"ఇవి గూడ మూసుడేనా అమ్మా? ఒక్కటన్న ఇడిసిపెట్టుర్రి. గాలాడది లోపట."

"గాలి రాకూడదనేగా మూయిస్తున్నది! ఇటుకలు పెట్టి కట్టేయ్."

"గట్ల గాదమ్మా, నా మాట జర ఇనుర్రి..."

వేదవతికి అనుమానం ముంచుకొచ్చింది. రెండు రోజులుగా ఈ మనిషి కిటికీలు, తలుపులు అన్నీ కొలుస్తున్నాడు. ఒక కన్నం వదలమని ఇంత పట్టు ఎందుకు? భర్త పని మీద బెజవాడ వెళ్ళాడు. అబ్బాయి రాత్రి డ్యూటీకి పోతే లోపల ఒంటరి ఆడది.

"చెప్పిన పని చెయ్యి కురుమయ్యా" అంది, రెండడుగులు వెనక్కి వేసి.

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేం అనకుండా రెండూ కట్టేశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి సున్నం వేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే సుబ్బలక్ష్మి పిల్లతో దిగింది. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. గది తలుపు వేసి చూసి, "ఎంత వెచ్చగా ఉంది పిన్నిగారూ!" అని సంబరపడింది. జగన్నాథరావు డ్యూటీకి వెళ్ళాక వేదవతి తానే బొగ్గుల కుంపటి రాజేసి ఆ గదిలో పెట్టి వచ్చింది.

తెల్లవారి ఏడున్నరయింది. వెనక వాటా గుమ్మం ముందు పాలవాడు పోసివెళ్ళిన చెంబు అలాగే ఉంది. ప్రయాణం బడలికతో పడుకుందేమో అనుకుంది వేదవతి. పిల్ల ఏడుపు కూడా వినపడటం లేదని అప్పుడు తట్టింది. మూడు నెలల పిల్ల రాత్రి నుంచి ఒక్కసారీ ఏడవలేదు.

"అమ్మాయ్! సుబ్బలక్ష్మీ!"

తలుపు తట్టింది, తర్వాత రెండు చేతులతో బాదింది. లోపలి నుంచి గడియ. కిటికీలోంచి చూద్దామంటే చెక్కలు. ఇంటి చుట్టూ రెండుసార్లు పరుగెత్తింది. చూడటానికి ఒక్క సందు లేదు. అన్నీ తానే దగ్గరుండి మూయించింది.

అప్పుడే గేటు తీసుకుని కురుమయ్య వచ్చాడు. ఆమెను చూడగానే చేతిలోని సున్నం డబ్బా కింద పెట్టేశాడు.

"బొగ్గులు పెట్టిన్రా లోపట?"

ఆమె తల ఊపింది. అతను నిన్న అక్కడే వదిలిన గునపం తీసుకుని కిటికీ మీద పడ్డాడు. చెక్కలు ఫెళఫెళా విరిగాయి. చెయ్యి లోపలికి దూర్చి పక్కనే ఉన్న తలుపు గడియ లాగాడు.

"మీరు రావద్దు!" అని అరిచి, తలగుడ్డ ముక్కుకి చుట్టుకుని లోపలికి దూరాడు.

పిల్లని తెచ్చి వేదవతి చేతుల్లో పెట్టాడు. మెడ వాలిపోయి ఉంది. మళ్ళీ వెళ్ళి సుబ్బలక్ష్మిని భుజాన వేసుకుని బయటికి వస్తుండగా పక్కింటి శ్రీరామమూర్తి కర్రతో పరుగెత్తుకొచ్చాడు. కిటికీ విరిగిన చప్పుడు విని మళ్ళీ గొడవలే అనుకున్నాడాయన. విరిగిన కిటికీ, పరాయి మగవాడి భుజం మీద స్పృహ లేని ఆడపిల్ల కనబడేసరికి కర్ర ఎత్తాడు.

"వద్దు మూర్తిగారూ!" వేదవతి పిల్లతో సహా అడ్డం పడింది. "మనిషిని కాపాడుతున్నాడు! రిక్షా పిలవండి, రిక్షా!"

ఆయన కర్ర పడేసి వీధిలోకి పరుగెత్తాడు. కురుమయ్య సుబ్బలక్ష్మిని ఎండలో పడుకోబెట్టి, పిల్లని తీసుకుని అరికాళ్ళు రుద్దాడు, వీపు మీద తట్టాడు. వేదవతికి తెలిసిన దేవుళ్ళ పేర్లు కూడా నోటికి రాలేదు. పిల్ల పెదవులు కదిలాయి. ముందు చిన్న మూలుగు, కాసేపటికి పిల్లికూన గొంతులాంటి ఏడుపు వినబడ్డాయి. తల్లి మాత్రం కళ్ళు తెరవలేదు.

నారాయణగూడలోని ఒక ఆసుపత్రిలో ఆమెకి ప్రాణవాయువు పెట్టారు. మధ్యాహ్నం దాకా డాక్టరు ఏ సంగతీ చెప్పలేదు. వేదవతి, కురుమయ్య వరండాలో చెరోవైపు కూర్చున్నారు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది చివరికి.

"పోయినేడు పనికాడ వాచ్‌మన్ దాసయ్య గిట్లనే బొగ్గులు పెట్టుకొని అన్నీ మూసుకొని పండి సచ్చిపోయిండమ్మా. గోదాములకెల్లి నేనే బయటికి తీసిన."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

అతను తల దించుకున్నాడు. "మీరు నన్ను జూసి భయపడుతున్నరు. సచ్చిపోతరని నోట్లకెల్లి మాటొస్తె, బెదిరిస్తున్నడని పోలీసులకు చెప్తరేమోనని నాకు భయమైంది."



మూడు గంటలకి సుబ్బలక్ష్మి కళ్ళు తెరిచి పిల్లని అడిగింది. పొద్దున డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, మూర్తిగారి వల్ల సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చి, అప్పటిదాకా పిల్లతో ఆమె పక్కనే ఉన్న జగన్నాథరావు బయటికి వచ్చి వేదవతి కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. ఇక ఊరుకుంటే ఆ మాట ఎప్పటికీ బయటికి రాదనిపించింది.

"నాకు కాదు నాయనా. రోషన్‌దాన్ మూయొద్దని ఈయన చెప్పాడు, నేను వినలేదు. కుంపటి పెట్టిందీ నేనే."

జగన్నాథరావు ఆమె ముఖం నుంచి చూపు తిప్పేసుకున్నాడు. అతను అరిచినా బాగుండునని ఆమెకి అనిపించింది. అతను ఆమెని దాటుకుని వెళ్ళి, కురుమయ్య రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.