ట్రేలకు అడ్డమని తీసిన రెయిలింగ్

ఇంటికి విలువ కట్టడానికి వచ్చిన డ్వైట్ ఫెంటన్ పైకప్పు చూశాడు, కిటికీలు తెరిచి మూశాడు, స్నానాల గదిలో కుళాయి తిప్పి చూశాడు. అన్నిటికీ బాగుందన్నాడు. ఆ మాట వింటుంటే ఇల్లు అమ్ముతున్న రోజ్‌మేరీ హుడాక్‌కి అతనికి కాఫీ ఇవ్వాలనిపించింది. తీరా నేలమాళిగ మెట్ల దగ్గరికొచ్చేసరికి అతను ఆగి, కుడిచేత్తో గోడ తడుముకున్నాడు.

"ఇక్కడ పట్టుకోడానికి ఏమీ లేదేంటండీ?"

కాఫీ సంగతి ఆవిడ అక్కడితో మర్చిపోయింది.

అమెరికాలో ఆ మొనొంగహీలా నది పక్కన కొండవాలుకి అతుక్కున్న ఇళ్ళన్నిటికీ అలాంటి నిటారు మెట్లే. ఉక్కు మిల్లు నడిచిన రోజుల్లో మగవాళ్ళు కింది తలుపులోంచి వచ్చి, అక్కడే ఒళ్ళు కడుక్కుని, అప్పుడు పైకొచ్చేవారు. ఆడవాళ్ళ అసలు వంటిల్లూ కిందే. పై వంటిల్లు వచ్చినవాళ్ళకి చూపించుకోడానికి. అందుకని ఆ ఇళ్ళల్లో వీధి గడప కన్నా ఈ మెట్లే ఎక్కువ అరుగుతాయి.

ఇల్లు కొంటున్న డెనీస్ వృద్ధుల ఆశ్రమంలో పనిచేసే మనిషి. ప్రభుత్వ పూచీతో అప్పు తీసుకుంటోంది. అలాంటి అప్పుకి ఇంటి ధర ఒక్కటే చెబితే సరిపోదు, అందులో మనుషులు క్షేమంగా బతకొచ్చో లేదో కూడా విలువ కట్టేవాడే చెప్పాలి. ప్రమాదమని రాశాడా, అది బాగుచేసి, అతను మళ్ళీ వచ్చి చూసేదాకా అప్పు కదలదు. రోజ్‌మేరీకి అదంతా తెలుసు. చిన్న పనే గదా, ఓ కర్ర, నాలుగు మరలు, ఎవరిచేతనైనా పెట్టించెయ్యండి అన్నాడు ఫెంటన్.

"పెట్టిస్తాను. కావాలంటే రెండు పక్కలా పెట్టిస్తాను. ప్రమాదం అని మాత్రం రాయకండి."

అతనికి నవ్వొచ్చింది. అది రాయకపోతే ఎందుకు పెట్టించమన్నావని బ్యాంకువాళ్ళు అడుగుతారన్నాడు. రోజ్‌మేరీ నోరు ఆ వీధిలో అందరూ ఎరిగిందే. తను కాపురానికొచ్చిన నాటి నుంచీ ఈ మెట్లే దిగుతోందనీ, వాళ్ళత్తగారు కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో కూడా బీట్‌రూట్ సీసాలు పట్టుకుని ఎక్కి దిగేదనీ, అప్పుడు లేని ప్రమాదం ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడిందనీ కడిగిపారేసింది. అత్తగారి రోజుల్లో ఆ గోడకి రెయిలింగ్ ఉండేదన్న ముక్క మాత్రం మింగేసింది.

ఫెంటన్ మెత్తని మనిషి. ఇలాంటివి కొందరు రాస్తారు, కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఎటూ తేల్చవలసింది అతనే. మెట్ల కేసి చూసి అడిగాడు.

"ఒక్కటి చెప్పండి, మిసెస్ హుడాక్. వీటి మీద ఎప్పుడైనా ఎవరైనా పడ్డారా?"

"లేదు."

జవాబు నాలుక చివరే ఉన్నట్టు వచ్చేసింది. అయితే చిన్న లోపంగానే చూస్తాననీ, కాగితాలు వారం చివర్లో పంపుతాననీ చెప్పి, తన నంబరిచ్చి వెళ్ళిపోయాడు. పంతం నెగ్గిన రోజ్‌మేరీ ఆ పూట అన్నం ముట్టలేదు.

పడ్డది ఆవిడ భర్త లెన్.

అంతకు ముందు రోజ్‌మేరీ చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. ఆ ఊళ్ళలో పెళ్ళికి కేకు తక్కువైనా సర్దుకుంటారు గానీ వచ్చినవాళ్ళకి పెట్టే బిస్కెట్ల బల్ల బోసిగా ఉంటే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పెద్దమ్మలూ, పిన్నమ్మలూ, మేనత్తలూ వారాల ముందు నుంచీ కాలుస్తారు. కింది వంటింట్లోంచి వెడల్పాటి ట్రేలు పైకి తెస్తుంటే రెయిలింగ్ ప్రతిసారీ మోచేతికి తగిలి, పైవరసలో బిస్కెట్లు దొర్లిపోయేవి. తీసి పారెయ్యమని రోజ్‌మేరీ మొగుడి ప్రాణం తీసింది. పెళ్ళయ్యాక మళ్ళీ పెట్టేస్తాలే అంటూ లెన్ తీశాడు. పెళ్ళయింది. పెట్టనా అని అడిగితే, ఈస్టర్ వంటలున్నాయి, ఉండనీ అంది. మళ్ళీ అడిగితే, ఇదే హాయిగా ఉంది, నీకేం పనిలేదా అంది. ఆ తర్వాత అతను అడగలేదు. మరలన్నీ గుడ్డసంచిలో వేసి, సంచిని రెయిలింగ్‌కే కట్టి, కింద కప్పు దూలాల మీద దాచాడు.

ఇంకో పెళ్ళికి కాల్చిన రోజున, రోజ్‌మేరీ ఫోనులో ఉండి, ఆ ట్రే కాస్త పట్టుకురా లెన్ అని పైనుంచి కేకేసింది. రెండు చేతుల్తో ట్రే పట్టుకుని ఎక్కుతూ పడిపోయాడు. ఆవిడ వెళ్ళేసరికి అతని జుట్టు నిండా పంచదార పొడి. గుండె ఆగి పడ్డాడో, పడ్డాక గుండె ఆగిందో చెప్పలేమన్నాడు డాక్టరు. రోజ్‌మేరీ ఆ మాటలో మొదటి సగం మాత్రం ఇంటికి తెచ్చుకుంది. దినం భోజనాల దగ్గర అందరూ పాపం గుండెపోటు అనుకున్నారు. అనుకోనిచ్చింది. ఇప్పుడీ ఫెంటన్ ప్రమాదమని రాస్తే, వదిలేసి వచ్చిన రెండో సగం గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. ఆవిడ భయమంతా అదే.

ఫెంటన్ వచ్చి వెళ్ళిన మర్నాడు డెనీస్, వాళ్ళమ్మ ఎర్లీన్ పరదాలకు కొలతలు తీసుకోడానికి వచ్చారు. కింది వంటిల్లు చూసి ఎర్లీన్ మురిసిపోయింది. చర్చిలో ఏ విందుకైనా కేకులన్నీ ఆవిడే కాలుస్తుందట.

"ఇంక నా రాజ్యం ఇదేనే, డెనీస్. పైన నీ కాఫీ నువ్వు పెట్టుకుని తాగు."

రోజ్‌మేరీకి ఆవిడ నచ్చింది. తన ట్రేలన్నీ ఇచ్చేసింది. ఎర్లీన్ వాటిని రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. మధ్యలో ఎర్లీన్ మోచెయ్యి ఆసరా కోసం గోడని వెతుక్కుంది. ఆగండి, ఆగండి అంటూ రోజ్‌మేరీ పైనుంచి దిగి సగం ట్రేలు అందుకుంది.

"ఇక్కడేదో ఉండేదల్లే ఉందే? గోడకి బెజ్జాలున్నాయి," అంది ఎర్లీన్ పైకొచ్చి రొప్పుతూ.

"రెయిలింగ్ ఉండేది. ట్రేలకి అడ్డమొస్తోందని తీయించాను."

"అయ్యో, దానికోసమా? కొంచెం కొంచెంగా రెండుసార్లు తిరిగితే సరిపోయేదిగా."

ఆవిడ మామూలుగానే అంది. డెనీస్ టేపు చుట్టేసుకుంది, తల్లీకూతుళ్ళు కారెక్కి వెళ్ళారు. రోజ్‌మేరీ గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత లోపలికొచ్చి ఫెంటన్‌కి ఫోన్ చేసింది.

"మీరడిగినదానికి అబద్ధం చెప్పానండీ. మా ఆయన పడ్డాడు. ఆ మెట్ల మీదే పోయాడు."

"అయ్యో. నాకు తెలీదండీ."

"ఎవరికీ తెలీదు. రెయిలింగ్ తీయించింది నేనే. రాయండి. ప్రమాదమనే రాయండి."

ఆ సాయంత్రం ఆవిడే స్టూలేసుకుని దూలాల మీంచి రెయిలింగ్ దించింది. సంచిలో మరలు ఒక్కటీ తగ్గలేదు. తుప్పు పట్టకుండా లెన్ వాటికి నూనె కూడా రాసి పెట్టాడు. పాత బెజ్జాల్లోనే బిగించింది. పొయ్యి మీద పెట్టిన కాఫీ పొంగేలోగా పనైపోయింది. అంత చిన్న పని అయినందుకే ఆవిడకి ఏడుపు ఆగలేదు.

వారం తిరిగాక ఫెంటన్ మళ్ళీ వచ్చి రెయిలింగ్ పట్టుకుని గట్టిగా గుంజి చూశాడు. కదల్లేదు. బావుందని చెప్పి, ఆవిడిచ్చిన కాఫీ తాగి వెళ్ళాడు.

అతను వెళ్ళాక రోజ్‌మేరీ రెయిలింగ్ పట్టుకుని కిందికి దిగింది. ఖాళీ చేతుల్తోనే మళ్ళీ ఎక్కసాగింది. లెన్ పడ్డ మెట్టు దగ్గర ఆగింది.

"రెండుసార్లు తిరిగితే సరిపోయేదట, లెన్," అంది.